ఇంజను పెట్టెలో పావంగుళం

నా చిన్నప్పుడు మా తాతయ్యకూ పక్కింటి తాతకూ మాటల్లేవు. మాటల్లేవంటే మౌనంగా ఉండేవారని కాదు. ఒకరి గురించి ఒకరు రోజంతా మాట్లాడేవారు. వినవలసిన మనిషి లేని చోట మాట్లాడేవారు, అంతే. ఒకరు పెరట్లోకి వస్తే రెండోవారు ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయేవారు. జ్ఞానాపురంలో మా రెండిళ్ళ పెరళ్ళ మధ్య ఒక పొట్టి గోడ ఉండేది. ఆ గోడ మీదుగా రాకపోకలు సాగించడానికి రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకున్న ప్రాణులు రెండే. ఒకటి పిల్లి, రెండు నేను.

ఆదివారం చర్చిలో ఫాదర్‌గారు ఒకరికొకరు శాంతి సమాధానాలు చెప్పుకోమన్నప్పుడు, పక్కపక్కనే కూర్చున్న ఈ ఇద్దరూ చెరోవైపుకి తిరిగి, ఒకరు గోడకీ ఒకరు కిటికీకీ నమస్కారం పెట్టేవారు. ఆ చర్చిలో గోడకీ కిటికీకీ మాత్రం శాంతికి ఎప్పుడూ లోటుండేది కాదు.

వాళ్ళు పుట్టు శత్రువులేం కారు. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు "బావా" అంటే "బావా" అనుకునేవారట. మా తాతయ్య రైలు షెడ్డులో ఫిట్టరు. సర్వీసంతా ఒకే బొగ్గు ఇంజనుకి మరమ్మతులు చేశాడు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా పెద్దగా పట్టించుకోని మనిషి, ఆ ఇంజను దగ్గితే అన్నం మానేసేవాడని మా మామ్మ చెప్పేది. డీజిళ్ళు వచ్చాక ఆ ఇంజనుని తుక్కు కింద వేలం వేశారు. పక్కింటి తాత గాజువాక వైపు ఒక ఫౌండ్రీలో పనిచేసేవాడు. ఇనుము పోత పోయడానికి ముందు, పోయబోయే వస్తువు ఆకారాన్ని చెక్కతో చెయ్యాలి. దాన్ని ఇసుకలో అద్ది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆయన పని ఆ చెక్క నమూనాలు చెయ్యడం. ఒకరోజు ఆయన పనినుంచి వస్తూ వస్తూ మా అరుగు మీద కూర్చుని, ఊళ్ళో తెలిసినవాళ్ళు కనిపిస్తే చెప్పినట్టు, "బావా, ఈయేల మీ ఇంజను మా ఫర్నేసుకి వచ్చింది" అన్నాడు. తాతయ్య ఏమీ అనకపోయేసరికి, మిగతా కబురు కోసం ఎదురుచూస్తున్నాడనుకుని, దాని పోత ఇనుముతో వీధి కాలవల మూతలు పోశామని కూడా చెప్పాడు. మంచి మూతలేనని భరోసా కూడా ఇచ్చాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య "బావా" అన్న మాట పోయింది. కరిగించింది ఆయన కాదు, అమ్మింది ఆయన కాదు, ఆయన చేసేది చెక్కపని. ఈ సంగతులన్నీ మా మామ్మ వివరించి చూసింది. పగ పట్టాలనుకున్న మనిషికి పని విభజన గురించి చెప్పి లాభం లేదని నాకు అప్పుడే తెలిసింది. మా తాతయ్య దృష్టిలో ఆయన కసాయి. ఆయన దృష్టిలో మా తాతయ్య కబురు చెప్పిన పాపానికి మొహం తిప్పుకున్న కృతఘ్నుడు. ఇద్దరి దగ్గరా న్యాయం నిండుగా ఉంది. దాన్ని వాడుకోవడానికి మధ్యలో నేనున్నాను.

నాకు పదేళ్ళు. రెండిళ్ళ మధ్య చెప్పుకోక తప్పని మాటలన్నీ నా నోటిమీదుగా వెళ్ళేవి. కుళాయి వచ్చిందని, వాళ్ళ కోళ్ళు మా మడిలో పడ్డాయని, మా వేపాకు వాళ్ళ నూతిలో రాలుతోందని. ఆ మాటలకి ముందూ వెనకా తగిలించే విశేషణాలు నాకు బరువనిపించేవి. అందుకని గోడ దగ్గరే దింపేసేదాన్ని. "ఆ సచ్చినోడికి సెప్పు, ఆడి కోడి ఇంకోపాలి ఇటు దిగిందంటే కూరొండేత్తాను" అని తాతయ్య అంటే, నేను అవతల "మీ కోడి మా ఇంట్లో ఉంది తాతా" అనేదాన్ని. నేను ఇలా మాటలు వడగడతానని ఇద్దరికీ తెలుసు. తన తిట్టు సగం దారిలో పోతోందన్న అసంతృప్తి ఇద్దరిలోనూ ఉండేది. ఈ పేరే తర్వాత నా మెడకి చుట్టుకుంది.

తాతయ్య రిటైరయ్యాక తన ఇంజనుని మళ్ళీ తయారు చేశాడు. చిన్నది. పాత బోరింగు పంపు ఇత్తడి గొట్టంతో బాయిలరు, విరిగిన గొడుగు ఊచలతో పక్క కడ్డీలు, పాడైన కుళాయిలు కరిగించి చక్రాలు. ఏ మేకు ఎక్కడుండాలో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి కాబట్టి ఫొటో కూడా పెట్టుకోలేదు. పూర్తయ్యాక అది మా ముందుగదిలో బల్ల మీద, మామ్మ పాత చీర కప్పుకుని ఉండేది. పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా వచ్చి ఇల్లంతా పడేది. తాతయ్య చీర తీసి, షేవింగ్ బ్రష్షుతో ఇంజనుని తుడిచి, మళ్ళీ కప్పేవాడు. మాకు ఒళ్ళు తుడుచుకోమని చెప్పిన గుర్తులేదు.

ఇంతలో షెడ్డులో పాతకాలపు సామాన్లు చూపించడానికి ఒక హాలు సిద్ధం చేశారు. రెండు వారాల్లో, ఒక ఆదివారం దాన్ని తెరుస్తారనగా, అక్కడి ఆఫీసరు ఒకాయన మా ఇంటికి వచ్చి ఇంజనుని చూసి, హాలు మధ్యలో బల్ల మీద దీన్ని పెడదామన్నాడు. ఒక్కటే షరతు. దుమ్ము చొరబడని గాజుపెట్టెలో రావాలి. పెట్టె లేకపోతే ఆ బల్ల మీద కాగితప్పూల కుండీ పెట్టేస్తామని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. ఆ ఇంజను మీద పనిచేసిన డ్రైవర్లు, బొగ్గు ఎత్తినవాళ్ళు, బతికున్నవాళ్ళంతా ఆ రోజు వస్తారు. వాళ్ళ ముందు అది తన పట్టాల మీద నిలబడాలి. తాతయ్యకి అంతకుమించి కోరికలేమీ మిగల్లేదు. దాని స్థానంలోకి కాగితప్పూలు రావడమన్న ఊహ ఆయనకి అన్నం కూడా సయించనివ్వలేదు.

మొదట తనే చేశాడు. ఇనుప పనివాడు కదా, ఇనుప రేకుతో చేశాడు. రివెట్లు కొట్టి, మూల మూలకీ పట్టీలు వేసి, గట్టిగా చేశాడు. అది ఇంజను కంటే బరువు తూగింది. చూడ్డానికి కరెంటు స్తంభం మీది ఫ్యూజు డబ్బాలా ఉందని మామ్మ అంది. తాతయ్య కాదనలేదు, ఎందుకంటే అప్పటికే ఆయనా అదే అనుకుంటున్నాడు. వడ్రంగుల్ని అడిగితే పెళ్ళిళ్ళ రోజులు, మంచాలు, బీరువాలు తప్ప ఇంకే పనీ పట్టుకోలేమన్నారు. అప్పుడు మామ్మ, కూర తరుగుతున్న మనిషిలా మామూలుగా, గోడవైపు గడ్డం ఎత్తి చూపించింది. చెక్కతో వెంట్రుకవాసి తేడా లేకుండా పనిచేసే మనిషి ఊరంతా వెతికినా ఇంకొకరు లేరని అందరికీ తెలుసు. తాతయ్య ఆ పూట భోజనానికి లేవలేదు. మర్నాడు పొద్దున్న నన్ను పిలిచి, పక్కకి చూస్తూ, "ఆడికి సెప్పు, పెట్టె సెయ్యడం సేతనవుద్దేమో కనుక్కో" అన్నాడు. అది ఆయన జన్మలో చేసిన అతి వినయమైన విన్నపం.

పక్కింటి తాత రంపం ఆపి నావైపు తిరిగాడు. "మీ తాతకి సెప్పు గుంటా. ఆడి ఇంజన్ని కరిగించేసాయని ఆడంటన్న సేతుల్తోనే దానికి ఇల్లు కడతాను. సిగ్గుంటే వద్దనమను."

నేను ఇటు వచ్చి, చేస్తానన్నాడని చెప్పాను.

ఆ వారం రోజులూ నా కాళ్ళు అరిగాయి. పెట్టె ఎలా ఉండాలన్నదాని మీద రెండిళ్ళ మధ్య యుద్ధం నడిచింది. ఇంజనంటే చక్రాల మీద నిలబడి వెళ్ళాలని మా తాతయ్య. నిలబెట్టి తీసుకెళితే ప్రతి కుదుపూ ఇరుసులకి తగుల్తుంది కాబట్టి దాన్ని పొట్ట కింద ఎత్తిపట్టి, చక్రాలు గాల్లో ఉండేలా తీసుకెళ్ళాలని ఆయన. చక్రాలు గాల్లో ఉంటే అది ఇంజను కాదు, వెల్లకిలా పడ్డ బొద్దింక అని మా తాతయ్య. నిలబడి వెళ్ళి విరిగిపోతే అప్పుడేమంటారో కనుక్కోమని ఆయన. చివరికి రెండూ చేశారు. అడుగు పలక మీద పట్టాలు బిగించారు. దారిలో ఇంజనుని మోయడానికి కంబళి గుడ్డ చుట్టిన రెండు చెక్క దిమ్మలు పెట్టారు. చేరాక దిమ్మలు లాగేస్తే ఇంజను తన బరువుతో తనే పట్టాల మీదకి దిగుతుంది. ఒకరినొకరు తిట్టుకోకుండా ఆలోచించి ఉంటే ఇంత మంచి ఏర్పాటు వచ్చేది కాదని నా నమ్మకం. పైన ఒకే పిడి చాలని తాతయ్య అన్నాడు. ఈ బరువుకి అటొకటి ఇటొకటి రెండుండాలని ఆయన తాతయ్యని అడక్కుండానే రెండూ బిగించేశాడు.

గాజు సంగతి మాత్రం తాతయ్య చేతిలోనే పెట్టుకున్నాడు. అన్నీ అవతలివాడి దగ్గరే ఉంటే రేపు పెట్టె తనదే అంటాడని అనుమానం. గాజు పొడుగు ఇరవై నాలుగు అంగుళాలని నాకు చెప్పాడు. గాజు కూర్చునే గాడి నుంచి గాడికి అంతే ఉండాలన్నాడు. నేను గోడ ఎక్కి ఇరవై నాలుగు అని చెప్పాను. పక్కింటి తాత ఇరవై నాలుగు అని తిరిగి అని, చెవి మీది పెన్సిలు తీసి చెక్క మీద గీత గీశాడు. తాతయ్య పాత ఊళ్ళో గాజుపలకలు కోసే సాయిబుగారి కొట్టుకి వెళ్ళి, ఆయన టేపు నమ్మకుండా తన ఉక్కు స్కేలు పెట్టి కోయించుకుని వచ్చాడు. సాయిబుగారు నొచ్చుకున్నారని తాతయ్యే గర్వంగా చెప్పాడు.

శుక్రవారం పొద్దున్న పెట్టె గోడ మీదుగా ఇటు వచ్చింది. టేకు చెక్క, మూలలు ఒకదాంట్లో ఒకటి వేళ్ళలా అల్లుకుని ఉన్నాయి. మామ్మ దాన్ని చేత్తో నిమిరి చూసింది. తాతయ్య నిమరలేదు కానీ తప్పు కోసం వెతికాడు, దొరక్క మొహం గంటు పెట్టుకున్నాడు. గాజుపలక తీసి ఒకవైపు గాడిలో కూర్చోబెట్టాడు. రెండోవైపు గాడిదాకా అది అందలేదు. చిటికెన వేలి గోరంత ఖాళీ. పలక జారి ముందుకు వచ్చేసింది. తాతయ్య మోకాలు అడ్డం పెట్టకపోతే ముక్కలయ్యేది.

రెండో పలకా అంతే. మూడోదీ అంతే.

ఆ రోజు సాయిబుగారి కొట్టు మూసి ఉంటుంది. శనివారం వెళ్ళినా, మొన్న నొచ్చుకున్న ఆయన అప్పటికప్పుడు మళ్ళీ కోసిపెట్టరు. పెట్టె కోసి కుదించాలంటే ఆ వేళ్ళ అల్లికలన్నీ విప్పాలి. అంటే ఆదివారం హాల్లో కాగితప్పూలే. అప్పుడు తాతయ్య తల తిప్పి నావైపు చూశాడు. అరిచినా బాగుండేది. "ఎంతని సెప్పావు ఆడికి?" అని మెల్లగా అడిగాడు.

ఇరవై నాలుగు అని చెప్పానన్నాను. నమ్మలేదు. మాటలు మార్చే పిల్లని ఎలా నమ్ముతాడు? గోడకి అవతల చప్పుడు విని పక్కింటి తాత అప్పటికే వచ్చి నిలబడ్డాడు. పెరట్లో ఇద్దరూ ఒకేసారి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. తన పనిలో తేడా వచ్చే ప్రశ్నే లేదని, పిల్ల అంకె తప్పు తెచ్చిందని ఆయన గాలితో అన్నట్టు అన్నాడు. తన కొలతలో తేడా ఉండదని, పిల్ల అంకె తప్పు చెప్పిందని మా తాతయ్య ఇటువైపు గాలికి చెప్పాడు. అన్ని సంవత్సరాల్లో వాళ్ళిద్దరూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే. ఆ విషయం నేను.

"తిట్లు మింగేత్తాదని తెల్సు గానీ అంగులాలు కూడా మింగేత్తాదనుకోలేదు" అన్నాడు పక్కింటి తాత. మా తాతయ్య దానికి తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఇకమీదట గోడ ఎక్కవద్దని, ఇంజను దగ్గరకి రావద్దని చెప్పి, చీర తెచ్చి ఇంజను మీద కప్పేశాడు. శవం మీద కప్పినట్టు మొహం దాకా కప్పాడు.

నేను ఏడవలేదు. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఎక్కడ నేర్చుకున్నానో గానీ అప్పటికే నేర్చుకున్నాను. కానీ ఒక సంగతి జరిగింది. ఇద్దరు పెద్దవాళ్ళు, అదీ ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు, ఒకే మాట అంటుంటే నాకే అనుమానం వచ్చింది. నేను నిజంగా ఇరవై నాలుగే చెప్పానా? ఇంకేదైనా చెప్పానా? కాసేపటికి నా గొంతులో నాకే వేరే అంకె వినిపించడం మొదలైంది.

మామ్మ బియ్యం చాట పక్కన పెట్టి, నన్ను వంటింట్లోకి పిలిచింది. తాతయ్య నాకు చెప్పిన అంకె ఎంతని అడిగింది. చెప్పాను. నేను అవతల చెప్పింది ఎంతని అడిగింది. చెప్పాను. మళ్ళీ అడగలేదు. నిజమేనా అనలేదు, ఒట్టు వెయ్యమనలేదు. మూలనున్న కొబ్బరి చీపురులోంచి పొడుగాటి పుల్ల ఒకటి లాగి, తాతయ్య దగ్గరకి వెళ్ళి, ఆయన స్కేలు మీద ఇరవై నాలుగు ఎక్కడో చూపించమంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కాలపు పనివాళ్ళు స్కేలు పరాయి చేతికి ఇవ్వరు. స్కేలు మూల అరిగితే కొలత పోతుంది, కొలత పోతే పరువు పోతుంది. అందులోనూ శత్రువు పెరట్లోకి తన స్కేలు పంపడమంటే ఇంట్లోవాళ్ళని తాకట్టు పెట్టడమే. అందుకే ఇంత గొడవలో రెండు స్కేళ్ళూ పక్కపక్కన పెట్టి చూద్దామన్న మాట ఇద్దరిలో ఒక్కరి నోటా రాలేదు. చీపురుపుల్లకి అలాంటి పరువు లేదు. అది ఎవరింటికైనా వెళుతుంది.

తాతయ్య విసుక్కుంటూనే చూపించాడు. మామ్మ పుల్లని స్కేలు పొడవునా పెట్టి, కొసని గోటితో తుంచింది. నా చెయ్యి పట్టుకుని, గోడ వైపు కాదు, వీధి గుమ్మంలోంచి బయటికి నడిచి పక్కింటి వీధి గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళింది. పక్కింటి తాత మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మామ్మ అన్నయ్యా అని పిలిచి, ఆయన స్కేలు మీద ఈ పుల్ల ఎంతుందో చెప్పమంది. ఆయన పెట్టి చూశాడు. ఇరవై నాలుగుకి కాస్త తక్కువ వచ్చింది. ఆయన మొహం వెలిగింది.

"పిల్లే అనుకున్నాను. మీ ఇంట్లో సీపురు కూడా అబద్ధమే ఆడతాదన్నమాట."

మామ్మ అదీ కాదనలేదు. ఇంకో పుల్ల ఇచ్చి, ఆయన స్కేలు మీద ఇరవై నాలుగుకి సరిగ్గా తుంచమంది. ఆయన ఉత్సాహంగా తుంచాడు. మామ్మ రెండు పుల్లలూ పట్టుకుని పెరట్లోకి నడిచి, గోడ మీద వాటిని పక్కపక్కన పడుకోబెట్టి, తాతయ్యని పిలిచింది. గోడకి అటు ఆయన, ఇటు ఈయన. మధ్యలో రెండు చీపురుపుల్లలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తేడా పావంగుళం.

"రెండూ ఇరవై నాలుగే" అంది మామ్మ. "పిల్ల మోసింది అంకె. అంగులం కాదు."

పక్కింటి తాత చిన్నపుల్లని చూశాడు, పెద్దపుల్లని చూశాడు, చేతిలోని స్కేలు చూశాడు. అప్పుడు ఆయనకి తట్టింది. ఇనుము కరిగినప్పుడు ఉన్నంత ఉండదు, చల్లారేసరికి కుంచించుకుపోతుంది. అందుకని చెక్క నమూనాని అసలు వస్తువు కంటే కొంచెం పెద్దగా చేయాలి. ప్రతిసారీ లెక్కకట్టే బాధ లేకుండా ఫౌండ్రీల్లో దానికో ప్రత్యేకమైన స్కేలు ఉంటుంది. దాని మీద ప్రతి అంగుళమూ కాస్త సాగి ఉంటుంది. ఆయన జీవితమంతా ఆ స్కేలుతోనే కొలిచాడు. ఇంట్లోనూ దానితోనే కొలిచాడు. ఎంతలా అంటే, అది సాగిన స్కేలన్న సంగతే మర్చిపోయాడు. లోకమే కాస్త పొట్టిగా తయారవుతోందని అనుకుని ఉంటాడు. ఆయన చేసిన మంచానికీ, బజార్లో కుట్టించిన పరుపుకీ ఎప్పుడూ కుదిరేది కాదు. పరుపులు కుట్టేవాడు దూది మిగుల్చుకుంటున్నాడని ఆ ఇంట్లో అందరూ ఏళ్ళ తరబడి తిట్టుకున్నారు.

అయినా ఆయన తగ్గలేదు. తన స్కేలు తప్పు కాదన్నాడు. నిజమే, తప్పు కాదు. ఇనుము చల్లారాక కుంచించుకుపోయే లెక్క అందులో ఉందని, తెలియనివాళ్ళకి అది దొంగ కొలతలా కనిపిస్తుందని అన్నాడు. అప్పుడు మా తాతయ్య, నన్ను మధ్యలో పెట్టకుండా, నేరుగా ఆయన కళ్ళలోకి చూసి అన్నాడు.

"నా ఇంజను ఇంకా సల్లారేదేటి? ఓపాలి కరిగించింది సాల్లేదేటి నీకు?"

అన్ని సంవత్సరాల తర్వాత వాళ్ళిద్దరి మధ్య నేరుగా నడిచిన మొదటి మాట అది. పక్కింటి తాత కూడా నేరుగానే, "అది నాను కరిగించలేదు. సెప్పడానికొచ్చాను, అంతే. నీకు తెలవాలని" అన్నాడు. తాతయ్య గోడ మీది పుల్లలు రెండూ తీసి, విరిచి, పారేశాడు. ఇక్కడ ఇద్దరూ కావలించుకుని ఏడ్చారని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ తాతయ్య లోపలికి వెళ్ళి తలుపు గట్టిగా వేసుకున్నాడు. అవతల రంపం చప్పుడు మొదలైంది.

పెట్టె కోయలేదు, గాజు మార్చలేదు. పక్కింటి తాత తన దగ్గరున్న నల్లటి జిట్టేగి చెక్కతో పావంగుళం మందాన బద్దలు తీసి, గాజు అందని వైపు గాడుల్లో దించాడు. శనివారం సాయంత్రానికి గాజుపలకలు కూర్చున్నాయి. ఉఫ్ మని ఊదినా లోపలికి గాలి పోలేదు. తాతయ్య షేవింగ్ బ్రష్షుతో చివరిసారి ఇంజనుని తుడిచి, దిమ్మల మీద కూర్చోబెట్టి, పెట్టె మూశాడు. అప్పుడు తేలింది, దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలని. రెండు పిడులు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. ఇంకెవరినైనా పిలుద్దామంటే, ఇంకెవరి చేతిలోనూ ఆ పిడి పెట్టడానికి ఇద్దరిలో ఎవరికీ మనసొప్పలేదు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వాళ్ళిద్దరూ తెల్లచొక్కాల్లో, చెరో పిడీ పట్టుకుని, వీధిలో నడిచారు. ఇద్దరి అడుగూ ఒకేసారి పడాలి, లేకపోతే ఇంజను ఊగుతుంది. పెళ్ళిలో వధూవరులు కూడా అంత కలిసి నడవగా నేను చూడలేదు. ముందు నేను దారి ఖాళీ చేయిస్తూ నడిచాను. వెనకనుంచి "మెల్లగా నడవమని సెప్పు ఆడికి" అని ఒకరు, "గుంత సూసి అడుగెయ్యమని సెప్పు" అని ఒకరు. చేయి చాచితే అందే దూరంలో ఉన్న మనిషికి చెప్పడానికి, ముందు నడుస్తున్న నన్ను పిలిచేవారు. ఇద్దరూ వింటున్నారు కాబట్టి ఈసారి నేను ఎవరి మాటా తీసుకెళ్ళలేదు. వెనక్కి తిరగలేదు కూడా.

హాల్లో తాతయ్య దిమ్మలు లాగేశాడు. ఇంజను మెల్లగా పట్టాల మీదకి దిగి నిలబడింది. పాత డ్రైవర్లు చుట్టూ చేరారు. ఒకాయన గాజు మీద చెయ్యి పెట్టి ఉండిపోయాడు. తాతయ్య గొంతు సవరించుకుని, ఏ మేకు ఎక్కడుందో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆఫీసరు మాత్రం ముందుగా మెచ్చుకున్నది టేకులో నల్లగా మెరుస్తున్న ఆ జిట్టేగి బద్దల్ని. ఎంత నాజూకైన ఆలోచన అన్నాడు. పక్కింటి తాత దూరంగా కిటికీ దగ్గర నిలబడి, కిటికీకి చిన్నగా తల ఊపాడు. తిరుగు ప్రయాణంలో మోయడానికి పెట్టె లేదు. ఒకరు రోడ్డుకి ఈ పక్కన, ఒకరు ఆ పక్కన నడిచి ఇళ్ళకి చేరారు.

నాకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. సోమవారం పొద్దున్నే తాతయ్య నన్ను పిలిచి, "ఆడికి సెప్పు, ఆడి కోడి మల్లీ దిగింది" అన్నాడు. నాకు దొరికిన నిర్దోషి తీర్పు అదే. తర్వాత కొన్నేళ్ళకి ఇద్దరూ కొద్ది నెలల తేడాలో పోయారు. ఎవరు ముందు పోతారన్నదాంట్లో కూడా పోటీ పడ్డారని మామ్మ అంది.

నేను చదువుకున్నాను. ఒక ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూసే ఉద్యోగం చేశాను. నా పనిలో ఎక్కువ భాగం విచారణలు. రిటైరయ్యాక మా అపార్టుమెంటు సంఘంవాళ్ళు, ఎలాగూ అలవాటైన పనే కదా అని, నన్ను అధ్యక్షురాల్ని చేశారు. మొన్నటికి మొన్న, పార్కింగు దగ్గర మొదలై కోర్టుదాకా వెళ్ళిన రెండు ఫ్లాట్లవాళ్ళు, హఠాత్తుగా ఒక్కటై నా ముందుకు వచ్చారు. నీళ్ళ ట్యాంకు లెక్కలో తేడా వచ్చిందని, వాచ్‌మన్ తప్పు చెప్పాడని, ఇద్దరిదీ ఒకే మాట. మిగతా సభ్యులంతా హమ్మయ్య అనుకున్నారు. వీళ్ళిద్దరూ ఒప్పుకున్నారంటే ఇంక విచారించేదేముందన్నారు.

నాకు సరిగ్గా అలాంటప్పుడే అనుమానం మొదలవుతుంది. పడనివాళ్ళిద్దరూ ఒక్క గొంతుతో మూడో మనిషిని చూపిస్తే, ఆ మనిషిని నేను ప్రశ్నలు అడగను. మీరు దేనితో కొలిచారో ముందు అది తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి అంటాను. విసుక్కుంటారు, వయసు మీద పడిందనుకుంటారు, చివరికి తెస్తారు. వాళ్ళు తెచ్చేలోపు, గుమ్మం దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ మొహంలోకి మాత్రం నేను చూడను. చూస్తే నాకు మళ్ళీ పదేళ్ళు వచ్చేస్తాయి.